గాజు సీసాల అచ్చుకు ఇంక్‌స్కేప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాసిక్ చుట్టుపక్కల వైన్ తయారీదారులకు సీసాల మీద నేరుగా అచ్చువేసే బొమ్మలు, అక్షరాలు సిద్ధం చేసి ఇవ్వడం నా వృత్తి. కాగితపు లేబుల్ పని వేరు, ఇది వేరు. ఇక్కడ స్క్రీన్ ప్రింటింగ్‌తో (సన్నని వలలోంచి సిరాను నొక్కే పద్ధతి) సిరా గాజుకే పట్టాలి. ఈ ఫైళ్లన్నీ ఇంక్‌స్కేప్ అనే, బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. 0.92 వెర్షన్ నాటి నుంచి వాడుతున్నాను, ఇప్పుడు 1.3 మీద ఉన్నాను.

దీని మీద ఎవరిని అడిగినా మొదట చెప్పే లోపం, సీఎంవైకే (అచ్చుకు వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) రంగులతో పీడీఎఫ్ ఇవ్వదని. పత్రికలకు, పుస్తకాలకు పనిచేసేవారికి అది పెద్ద లోటే. నాకు మాత్రం అంతగా అడ్డం రాలేదు. సీసా మీద నాలుగు రంగుల చుక్కలు కలిపి బొమ్మ తేవడం అరుదు. రంగుకొక స్క్రీన్, ఆ స్క్రీన్ తయారీకి ఒక ఫిల్ము (పారదర్శక షీటు). ఆ ఫిల్ము మీద ఉండేది నలుపు ఒక్కటే. తెలుపో బంగారు రంగో సిరా డబ్బాలోంచి వస్తుంది. పైగా గాజు పొడి కలిసిన ఎనామెల్ సిరా అయితే దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలాలి. కాలిన తర్వాత వచ్చే రంగును ఏ కంప్యూటర్ తెరా ముందుగా చూపలేదు. నమూనా సీసా చూసి ఒప్పుకోవడమే పద్ధతి. అందుకే నేను ఫైలులో ఒక్కో పొరకు (లేయర్) ఒక రంగు పెట్టి, పొర పేరుగా పాంటోన్ రంగుల పట్టికలోని నంబరు రాసి, లోపల అంతా నలుపే నింపుతాను.

కొలతల దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ నాకు బాగా నచ్చింది. 750 మిల్లీలీటర్ల బోర్డో రకం వైన్ సీసా వ్యాసం సుమారు 75 మి.మీ. వెడల్పు గడిలో 75*3.1416 అని కొడితే 235.6 అని తనే లెక్కకట్టుకుంటుంది. పేజీ వెడల్పు అదే. సీసాను తయారుచేసే మూసలో రెండు సగాలు కలిసిన చోట సీసాకు ఎదురెదురుగా రెండు నిలువు గీతలు పడతాయి. వాటి మధ్య దూరం సుమారు 118 మి.మీ. సన్నని అక్షరాలు ఆ గీతల మీదికి పోకుండా రెండు గైడ్ లైన్లు మొదటే గీసి తాళం వేస్తాను. భుజం వంపు మొదలయ్యే చోటికి, అడుగు వంపుకు కొన్ని మిల్లీమీటర్ల ఇవతలే ఆగాలి. బర్గండీ సీసాకు భుజం కిందినుంచే వాలుతుంది కాబట్టి చోటు ఇంకా తగ్గుతుంది. తయారీదారు ఇచ్చే సీసా డ్రాయింగు లేకుండా పని మొదలుపెట్టమనే వారితో నేను వాదనకు దిగుతాను.

ప్రిఫరెన్సెస్‌లో మూడింటిని సరిచూసుకోకుండా ఈ పనికి కూర్చోవద్దు. ఒకటి, గీత మందాన్ని కూడా కలిపి కొలిచే విజువల్ బౌండింగ్ బాక్స్. రెండోది, బొమ్మ సైజు మారినప్పుడు గీత మందం మారాలా వద్దా అన్న ఎంపిక. సీసా మీద 0.3 మి.మీ. కన్నా సన్నని గీత నిలవదు. నిండు రంగులోంచి వదిలేసిన ఖాళీ గీత అయితే 0.5 దాకా ఉండాలి, లేకపోతే సిరా పాకి పూడిపోతుంది. మూడోది ఔట్‌సెట్ దూరం, అంటే బొమ్మ అంచును ఒక్కసారికి ఎంత బయటికి పెంచాలన్నది. మామూలుగా అది 2 పిక్సెళ్లు, అంటే 0.53 మి.మీ. రెండు రంగులు తగిలే చోట నాకు కావలసిన అతివ్యాప్తి 0.25. అది మార్చుకుంటే, లేత రంగును ఒక్క మీటతో ముదురు రంగు కిందికి జరపవచ్చు. అయినా నా మాట వింటే రంగులు తగలకుండా మధ్యలో గాజునే వదలండి. సీసా సీసాకూ చుట్టుకొలత కాస్త మారుతుంది. సిరాను నొక్కే రబ్బరు పట్టీ (స్క్వీజీ) కదలదు, సీసా తిరుగుతుంటే స్క్రీన్ పక్కకు జరుగుతుంది. ఇన్ని కదలికల మధ్య అంచుకు అంచు కలపడం దురాశ.

తెలుగు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పెళ్లి కానుకలుగా ఇచ్చే సీసాల మీద వధూవరుల పేర్లు వేయమని హైదరాబాద్ నుంచి అడుగుతుంటారు. యూనికోడ్ ఫాంటు ఏదైనా ఒత్తులు, గుణింతాలు సరైన చోటే కూర్చుంటాయి. అక్షరాన్ని పాత్‌గా (ఫాంటు అవసరం లేని గీతగా) మార్చాక కూడా చెదరవు. అయితే ‘థ’లోని చుక్క, తలకట్టు కింది సందు గాజు మీద పూడిపోతాయి. అలాంటి చోట గీత మీది బిందువులు (నోడ్‌లు) పట్టుకుని చేత్తో సందు పెంచాల్సిందే. రామభద్ర వంటి మందపు ఫాంటు చిన్న సైజులో పనికిరాదు.

వాట్సాప్‌లో వచ్చిన మసక లోగోను గీతలుగా మార్చే (ట్రేస్) సదుపాయం ఉంది. ఆకులు, తీగలకు వాడండి. అక్షరాలకు వద్దు, మూలలన్నీ సబ్బు బిళ్లలా అరిగిపోతాయి.

బార్‌కోడ్‌ను దీని ఎక్స్‌టెన్షనే గీస్తుంది. సరుకుల మీద ఉండే పదమూడు అంకెల బార్‌కోడ్ ఈఏఎన్-13కు మామూలు సైజులో ఖాళీ అంచులతో కలిపి 37.29 మి.మీ. వెడల్పు కావాలి. సన్నని గీత 0.33 మి.మీ. మాత్రమే. ముదురు సీసా మీద తెల్లటి పలక వేసి, గీతల చోట గాజును వదిలేస్తారు. తెలుపు పాకి గీతలు సన్నబడతాయి కనుక వాటిని ముందే కాస్త లావు చేయాలి. సీసా తిరిగే దిశలోనే గీతలు ఉండేలా, నిచ్చెన మెట్లలా అడ్డంగా పెడితే అంచులు శుభ్రంగా వస్తాయి. నిజానికి బార్‌కోడ్, ధర, రాష్ట్రాన్ని బట్టి మారే ఎక్సైజ్ వివరాలు వెనక కాగితపు లేబుల్‌కు వదిలేయడమే తెలివైన పని. ఒకసారి కాల్చిన సిరాను మార్చలేం కదా.

ఇక విసిగించే సంగతులు. ఫైలు పీడీఎఫ్‌గా ఆర్‌జీబీ (తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం) రంగుల్లోనే బయటికి పోతుంది. కొన్ని ప్రెస్సుల యంత్రాలు ఆ నలుపును నాలుగు రంగుల నలుపుగా విడగొడతాయి, దాంతో ఒక్క ఫిల్ము రావలసిన చోట నాలుగు వస్తాయి. స్పాట్ రంగులే (ఒక్కో సిరాకు పేరుతో విడి రంగు) కావాలని పట్టుబట్టే ప్రెస్సుకు నేను ఫైలును స్క్రైబస్ అనే పేజీ తయారీ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లి, అక్కడ రంగులకు పేర్లు పెట్టి పంపుతాను. పని పెరుగుతుంది, తప్పదు. 1.2 నుంచి వచ్చిన బ్యాచ్ ఎక్స్‌పోర్ట్ మాత్రం పెద్ద ఊరట. పొరకొక ఫైలు దానంతటదే తీస్తుంది. రంగులను ఒకదానితో ఒకటి సరిపెట్టే రిజిస్ట్రేషన్ గుర్తులను ప్రతి పొరలోనూ క్లోన్‌గా (మూలంతో ముడిపడిన నకలుగా) ఒకే చోట పెట్టడం మాత్రం మన బాధ్యత.

పాత ఫైళ్లున్నవారు ఒకటి గమనించండి. 2017లో వచ్చిన 0.92తో అంగుళానికి 90గా ఉన్న పిక్సెళ్లు 96 అయ్యాయి. అంతకు ముందటి ఫైలు తెరిస్తే అది ఒక ప్రశ్న అడుగుతుంది. చదవకుండా మూసేస్తే 100 మి.మీ. బొమ్మ 93.75 అయిపోవచ్చు.

మూడు రంగుల్లోపు పని, ఫిల్ములు తీసే ప్రెస్సుతో నేరుగా మాట్లాడే వీలు ఉంటే ఇంక్‌స్కేప్ చాలు. నిజమైన బంగారంతో సన్నని పని, ఐదారు రంగులు, అడోబీ ఇల్లస్ట్రేటర్ ఫైలు తప్ప ముట్టుకోని ప్రెస్సు ఎదురైతే చందా కట్టి అదే వాడండి. ఏది వాడినా, ఫైలు పంపే ముందు పూర్తి సైజులో కాగితం మీద తీసి, కత్తిరించి, ఖాళీ సీసాకు చుట్టి చూడండి.