కెర్నల్ మార్చాక నెట్ నెమ్మదించిందా? వెనక్కి వెళ్లడం మేలా, ఉన్నచోటే సర్దుకోవడం మేలా?

లైనక్స్‌లో అప్‌డేట్ నొక్కితే ఒక్కోసారి కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే మూల ప్రోగ్రాం) కూడా మారుతుంది, రీస్టార్ట్ చేశాక నెట్ నత్తనడక పడుతుంది. నిన్న రెండు నిమిషాల్లో పక్క కంప్యూటర్‌కి వెళ్లిన ఫైలు ఇవాళ పావుగంటైనా వెళ్లదు. ఇక చేతిలో ఉన్న దారులు మూడు: పాత కెర్నల్‌కి వెళ్లిపోవడం, కొత్తదాంట్లోనే ఉండి నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు మార్చడం, కార్డు తయారు చేసిన కంపెనీ డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రాం) వేసుకోవడం.

ఏ దారి పట్టినా ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. కెర్నల్ మారిందంటే కంప్యూటర్ రీస్టార్ట్ కూడా అయినట్టే. అప్పుడు కార్డూ, కేబుల్ అవతలి కొసన ఉన్న నెట్‌వర్క్ స్విచ్చూ కలిసి కేబుల్ మీద వేగాన్ని కొత్తగా ఖాయం చేసుకుంటాయి. గిగాబిట్‌కి కేబుల్లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. ఒక జత తెగి ఉంటే గుట్టుగా 100కి దిగిపోవచ్చు, తిట్లు మాత్రం కెర్నల్‌కి పడతాయి. ఇంట్లోనే రెండు కంప్యూటర్ల మధ్య ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రాం నడిపి చూడండి. 940 మెగాబిట్ల దగ్గర ఉంటే కేబులూ కార్డూ బాగున్నట్టే, గొడవ బయట ఎక్కడో ఉంది. 94 దగ్గర ఆగితే ముందు కేబుల్ మార్చండి. ఈ రెండూ కాక 200, 300 మధ్య ఊగుతుంటేనో, పంపేటప్పుడు బాగుండి తెచ్చుకునేటప్పుడు పడిపోతుంటేనో డ్రైవర్‌ని అనుమానించాలి. బయటి స్పీడ్ టెస్ట్ సైట్లతో ఈ పని కాదు, సాయంత్రం లైన్ రద్దీ కూడా అందులో కలిసిపోతుంది.

పాత కెర్నల్ దారి అన్నిటికన్నా తేలిక. బూట్ అయ్యేటప్పుడు కనిపించే గ్రబ్ అనే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాతది అక్కడే ఉంటుంది. ఫెడోరా అనే లైనక్స్ రకం అయితే మామూలుగా మూడు కెర్నళ్లు దాచిపెడుతుంది. ఐదు నిమిషాల్లో వేగం తిరిగొస్తే దోషి దొరికినట్టే. పాతదాంట్లోనూ అంతే ఉంటే కెర్నల్‌ని వదిలేయండి. అయితే పాత కెర్నల్‌ని నేను సాక్షిగానే వాడతాను, కాపురం పెట్టను. దాన్ని కదలకుండా బిగించేస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లూ ఆగిపోతాయి.

ఉబుంటు 22.04 వాళ్లకు మాత్రం పాము చచ్చి కర్ర విరగకుండా ఉండే ఒక ఉపాయం ఉంది. ఆ వెర్షన్ 5.15 కెర్నల్‌తో వచ్చింది. డెస్క్‌టాప్‌లో కొత్త హార్డ్‌వేర్ కోసం కొత్త కెర్నళ్లు ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ అనే వరస దాన్ని పైకి జరుపుతూ 6.8 దాకా తీసుకెళ్లింది. ఆ వరస నుంచి తప్పుకుని 5.15కి వస్తే పాత కెర్నలూ ఉంటుంది, 2027 దాకా ప్యాచ్‌లూ వస్తాయి. మరీ కొత్త ల్యాప్‌టాప్ అయితే 5.15కి దాని భాగాలు కొన్ని తెలియకపోవచ్చు, అది చూసుకోవాలి.

సెట్టింగులు మార్చడం ఓపిక అడిగే పని, కానీ నా ఓటు దీనికే. కార్డు సెట్టింగులు మార్చే ఎత్‌టూల్ అనే కమాండ్‌తో టీఎస్‌ఓ ఆపి మళ్లీ కొలవండి. పెద్ద డేటాను ముక్కలు చేసే పనిని ప్రాసెసర్‌కి బదులు కార్డుకి అప్పగించడమే టీఎస్‌ఓ. అన్ని చిప్‌లూ ఈ పని సరిగ్గా చేయవు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8168ఈ-వీఎల్ రకంలో టీఎస్‌ఓకి హార్డ్‌వేర్ ఇబ్బంది ఉందని కెర్నల్‌లోని ఆర్8169 డ్రైవర్ కోడ్‌లోనే రాసి ఉంది. ఎత్‌టూల్ మార్పు రీస్టార్ట్‌తో పోతుంది కాబట్టి, గుణం కనిపిస్తే నెట్‌వర్క్ మేనేజర్‌లో రాసిపెట్టాలి.

తర్వాత ఏఎస్‌పీఎం. పనిలేనప్పుడు కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య ఉన్న లింకును నిద్రపుచ్చే పవర్ పొదుపు ఇది. ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవకపోతే వేగం తగ్గుతుంది, ఒక్కోసారి లింకే పడిపోతుంది. దీనికి కెర్నల్ ఆప్షన్లలో ఏఎస్‌పీఎంని ఆఫ్ అని పెట్టమని చాలామంది చెబుతారు. ఆఫ్ అంటే నిజానికి బయాస్ (మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాం) పెట్టినదాన్ని కెర్నల్ ముట్టుకోదని మాత్రమే అర్థం. బయాస్ ముందే ఆన్ చేసి ఉంటే అది ఆన్‌లోనే ఉంటుంది! ఏఎస్‌పీఎం పాలసీని పర్ఫార్మెన్స్‌కి మార్చడమే అసలు పద్ధతి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది. వైఫై సంగతైతే ఇంకా చిన్నది: రౌటర్‌కి పింగ్ (సందేశం వెళ్లి తిరిగొచ్చే సమయం) 3 మిల్లీసెకన్ల నుంచి 100కి ఎగురుతూ ఉంటే పవర్‌సేవ్ ఆపి చూడండి.

కంపెనీ డ్రైవర్‌ది చివరి వరస. రియల్‌టెక్ గిగాబిట్ చిప్‌లకు కెర్నల్ తనతోపాటు తెచ్చేది ఆర్8169, కంపెనీ విడిగా ఇచ్చేది ఆర్8168. కొన్ని చిప్‌లతో రెండోది నిజంగానే బాగా నడుస్తుంది, కాదనను. కానీ ఇది కెర్నల్ బయటి సరుకు. కెర్నల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని కొత్తగా కంపైల్ చేయాలి, అంటే కోడ్ నుంచి మళ్లీ తయారు చేయాలి. కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారితే కంపైల్ ఆగిపోతుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని నడవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే సంతకం పెట్టే తతంగం కూడా తోడవుతుంది. ఆర్8169ని ముందే బ్లాక్‌లిస్ట్ చేసి (లోడ్ కాకుండా ఆపి) ఉంటారు కాబట్టి, కొత్త డ్రైవర్ తయారు కాకపోతే నెమ్మది నెట్ కూడా ఉండదు, అసలు నెట్టే ఉండదు. రిమోట్‌గా నడిపే సర్వర్‌లో అయితే దీని జోలికి నేను పోను. ఇంటి కంప్యూటర్‌లో వేసేటట్టయితే యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి ఇవ్వడం) పనిచేస్తోందో లేదో ముందే ఒకసారి ఫోన్ తగిలించి చూసుకోండి. డ్రైవర్ దింపుకోవడానికీ నెట్ కావాలి కదా.