ప్యాకేజీల పంచాయితీకి ఆప్టిట్యూడ్

హన్మకొండ నయీంనగర్‌లో మా ట్రైనింగ్ సెంటర్ కంప్యూటర్లన్నీ డెబియన్ అనే లైనక్స్ మీదే నడుస్తాయి. వాటిలో ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, వేయడానికీ తీయడానికీ ఆప్టిట్యూడ్ అనే టూల్‌ను ఏళ్లుగా వాడుతున్నాను. రోజువారీ పనికి డెబియన్‌లో మామూలుగా వాడే ఆప్ట్ చాలు. ఆప్టిట్యూడ్ విలువ తెలిసేది ఇన్‌స్టాల్ అడ్డం తిరిగినప్పుడే.

మొన్న ఒక స్టూడెంట్‌కు వీడియో ప్రాజెక్టు కోసం లిబ్-ఏవీకోడెక్ అనే వీడియో లైబ్రరీ డెవ్ ప్యాకేజీ (ఆ లైబ్రరీతో ప్రోగ్రాంలు రాయడానికి కావాల్సింది) కావాల్సి వచ్చింది. ఆ సిస్టంలో అంతకుముందు ఎవరో బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) కలిపి, కొత్త లైబ్రరీలు వేసి, రిపాజిటరీని మాత్రం తీసేసి పోయారు. డెవ్ ప్యాకేజీకి సరిగ్గా తన వెర్షన్ లైబ్రరీయే ఉండాలి, కొత్తదైనా ఒప్పుకోదు. ఆప్ట్ 'హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అని చేతులెత్తేసింది. నిజానికి అక్కడ ఎవరూ దేన్నీ హోల్డ్‌లో, అంటే వెర్షన్ మారకుండా ఆపి, పెట్టలేదు. ఆ మెసేజ్ ఎంతమందిని తికమక పెట్టిందో!

ఆప్టిట్యూడ్ మొదట చెప్పింది: అసలు ఇన్‌స్టాలే చేయొద్దని. గొడవ లేని తీర్పే, మన పని మాత్రం కాదు.

"వై కొట్టనా అన్నా?" అంటూ మావాడు ఎంటర్ మీద వేలు పెట్టాడు.

"ఆగు, ఎన్ కొట్టు, ఇంకో దారి చూపిస్తుంది."

ఈసారి ఆ లైబ్రరీలను డెబియన్ వెర్షన్‌కు దించుతానంది. ఒప్పుకున్నాం, పనైపోయింది. ఆప్ట్ తనంతట తాను ఇలా పాత వెర్షన్‌కు దించే (డౌన్‌గ్రేడ్) మాట ఎత్తదు. ఆప్టిట్యూడ్ ఎత్తుతుంది, ఈ ఒక్క గుణం కోసమే దాన్ని వదల్లేకపోతున్నాను. ఏ ప్యాకేజీ అడ్డుపడుతోందో 'వై-నాట్' కమాండ్‌తో అడిగి తెలుసుకోవచ్చు కూడా.

ఇక చిరాకు. ఊరికే ఎంటర్ కొడితే 'సరే' అన్నట్టే లెక్క. కొన్నిసార్లు అది చూపే దారిలో సగం డెస్క్‌టాప్ ఎగిరిపోతుంది. రిమూవ్ లిస్టు చదవకుండా ముందుకు పోతే టెన్షన్ కొనితెచ్చుకున్నట్టే. పాత సిస్టంలలో ఆలోచించడానికి చాలాసేపు తీసుకుంటుంది.

రెండు ప్యాకేజీలకు పొసగని ప్రతి కాన్‌ఫ్లిక్టునూ తప్పుగా చూడక్కర్లేదు. మెయిల్ సర్వర్ ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్ వేస్తే అదే పని చేసే ఎగ్జిమ్ పోతుంది, ఆ ఏర్పాటే అంత. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలు నాదంటే నాదని ప్యాకేజీలను అసలు ఇన్‌స్టాల్ చేసే డీప్యాకేజ్ దగ్గర ఆగిపోతే మాత్రం ఆప్టిట్యూడ్ వల్ల కాదు. అందరూ ఫోర్స్-ఓవర్‌రైట్ చేయమంటారు, అంటే ఉన్న ఫైలు మీదే బలవంతంగా కొత్తది రాసేయమని. నేనైతే 'డీప్యాకేజ్ మైనస్ పెద్ద ఎస్'తో ఆ ఫైలు ఎవరిదో చూసి, అక్కర్లేని ప్యాకేజీని తీసేస్తాను.

డెబియన్ 13తో వచ్చిన ఆప్ట్ 3.0 తీసేయబోయే ప్యాకేజీలను ఎర్రగా చూపిస్తోంది, బాగుంది. అయినా కొత్త సిస్టం సిద్ధం చేసినప్పుడల్లా ఆప్టిట్యూడ్ వేసే పెడుతున్నాను.