సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లూ, జాగ్రత్త: నా 23,599 రూపాయలు, స్టేషన్‌లో ఒక నవ్వు

మా పాప డిగ్రీ రెండో సంవత్సరం. బస్సు కోసం రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తోందని ఒక సెకండ్ హ్యాండ్ స్కూటీ వెతికాను. పాత సామాన్లు అమ్మే ఒక యాప్‌లో 2021 మోడల్ 28 వేలకే కనిపించింది. అమ్మేవాడు ఆర్మీ జవానట, సికింద్రాబాద్ నుంచి కాశ్మీర్‌కి బదిలీ అయిందట, బండి వెంట తీసుకెళ్లలేడట. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు అన్నీ వాట్సాప్‌లో పెట్టాడు. అడక్కుండానే ఇన్ని కార్డులు చూపిస్తున్నాడంటే అక్కడే అనుమానం రావాలి. నేను మాత్రం "సార్, సార్" అంటూ మాట్లాడాను.

ముందు రవాణా ఖర్చని 3,100 వేయించుకున్నాడు. గంట తర్వాత, గోనెపట్టాలో చుట్టి లారీ పక్కన నిలబెట్టిన బండి ఫొటో పంపి, జీఎస్టీ 7,999 కట్టమన్నాడు. బండి దిగగానే అది వెనక్కి వస్తుందట. కట్టాను. ఆ తర్వాత డ్రైవర్‌నంటూ ఇంకొకడు ఫోన్ చేశాడు. ఆలస్యమైంది కాబట్టి ఆర్మీ పోస్టల్ వాళ్లు 12,500 అడుగుతున్నారు, అదీ రిఫండే అన్నాడు. నా ఖాతాలో అంత లేదు, తోటికోడలి ఫోన్ నుంచి వేయించాను. ఎందుకు వేశావంటే ఏం చెప్పను? అప్పటికే 11 వేలు ఇరుక్కున్నాయి, అవి రావాలంటే ఇదీ వేయాలనిపించింది. మధ్యాహ్నం రెండింటికి రెండు ఫోన్లూ స్విచాఫ్.

ఇక్కడిదాకా మీరు ఎక్కడో ఒకచోట విన్న కథే. తర్వాత జరిగింది చెబుదామనే ఈ పోస్టు.

నాలుగింటికి మా ఆయనతో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఏ ఊరు, ఏ స్టేషన్ అన్నది రాయను. ఫిర్యాదులు రాసుకునే రైటర్ ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమనలేదు. నేను చెప్పిందంతా విని, నా వైపు కాకుండా మా ఆయన వైపు చూసి నవ్వాడు. "అంత బండి ఇరవై ఎనిమిది వేలకి వస్తుందంటే నమ్మేయడమేనా? చదువుకున్నట్టే ఉన్నావు కదమ్మా. ఇంతకీ ఎన్నిసార్లు వేశావు?"

"రెండుసార్లు" అన్నాను.

మూడోది మా ఆయనకి తెలియదు. ఆ నవ్వు చూశాక ఆయన పక్కన నిలబడి ఇక నోరెలా పెగులుతుంది? ఎస్సై గారు బందోబస్తుకి వెళ్లారు, రేపు రండి అన్నాడు. వాడు సికింద్రాబాద్ అన్నాడుగా, కంప్లయింట్ అక్కడే ఇవ్వాలేమో అని కూడా అన్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి అన్న ఒక్క మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు.

ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు. మర్నాడు ఎవరో చెబితే సైబర్ క్రైమ్ విభాగానికి వెళ్లాం. అక్కడి మహిళా హెడ్ కానిస్టేబుల్ ముందు కూర్చోబెట్టి, నీళ్ల సీసా నా వైపు జరిపారు. "ఈ వారంలో మీరు నాలుగోవారమ్మా. మీ ముందు వచ్చినాయన రిటైరైన బ్యాంకు మేనేజరు" అన్నారు. అప్పటికి ఊపిరి ఆడింది. తర్వాత మా ఆయన్ని పాస్‌బుక్ జిరాక్స్ కోసం బయటికి పంపి, గొంతు తగ్గించి అడిగారు: "ఇంట్లో చెప్పకుండా వేసినవి ఏమైనా ఉన్నాయా? చాలామందికి ఉంటాయి."

తోటికోడలి ఫోన్ సంగతి అప్పుడు బయటపెట్టాను.

మొదటి రెండూ ఒకే ఖాతాలోకి వెళ్లాయి, అప్పటికే ఏటీఎంలో డ్రా చేసేశారు. మూడోది వెళ్లింది వేరే ఖాతాకి. అందులో ఇంకా 8,400 ఉంటే హోల్డ్ పెట్టించారు. ముందురోజు నాలుగింటికే నన్ను ఎవరైనా ఇలా అడిగి ఉంటే ఎంత దొరికేదో మీరే లెక్కేసుకోండి. జాలి చూపమని నేను పోలీసుల్ని అడగట్లేదు. వెటకారం చేస్తే మనిషి సగం మింగేస్తుంది, దొంగ ఖాతా నంబరు ఆ మింగేసిన సగంలోనే ఉంటుంది.

మోసపోయామని తెలిసిన నిమిషంలో స్టేషన్‌కి కాదు, ముందు 1930కి ఫోన్ చేయండి. ఏ ఖాతా నుంచి వెళ్లింది, ట్రాన్సాక్షన్ నంబరు, ఎంత, ఎన్నింటికి అన్నవి దగ్గర పెట్టుకోండి. సిగ్గుపడి ఒక్క రూపాయి కూడా దాచొద్దు. ఎవరి ఎదుటైనా చెప్పలేకపోతే ఆ మనిషిని ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

"మా పరిధి కాదు" అంటే ఒప్పుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో కాదంటే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. 90 రోజుల్లోగా కేసు ఎంతవరకు వచ్చిందో మనకి చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. నాది డబ్బు గొడవ, పోల్చకూడదు గానీ, 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ అత్యాచారం, హత్య ఘోరంలో ఆ అమ్మాయి ఇంటివాళ్లని పరిధి పేరుతో తిప్పి, ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. పరిధి మాట వినగానే నాకు అదే గుర్తొచ్చింది. అయినా ఆ రోజు నోరు మూసుకుని వచ్చేశాను.

బండి విషయానికొస్తే, కళ్లతో చూడకుండా, తాళం చేతికి రాకుండా ఒక్క రూపాయి వేయొద్దు. బండి నంబరు అడిగి ప్రభుత్వ పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. నేను ఆ పని డబ్బు పోయాక చేశాను, ఆ నంబరు మీద వేరే మోడల్ బండి వచ్చింది. రిఫండ్ అంటూ క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయకండి, మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు.

ఆ 8,400 ఇంకా చేతికి రాలేదు, ఎదురుచూస్తున్నాను. తోటికోడలికి నెలకి రెండు వేల చొప్పున తీరుస్తున్నాను. మా ఆయనకి మూడోదాని సంగతి ఎఫ్ఐఆర్ కాపీ చదివినప్పుడు తెలిసింది. రెండు రోజులు మాట్లాడలేదు.

నిన్న మళ్లీ అదే యాప్ తెరిచాను. ఎర్ర బండి, హ్యాండిల్‌కి నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు కట్టి ఉంటాయి, వెనక నీలం గేటు. అదే ఫొటో, కొత్త పేరు. ధర 26 వేలకి తగ్గించాడు.