తాడోబా, గోండు కోటలు కలిపి రెండ్రోజుల ప్యాకేజీ అంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న బల్లార్‌పూర్, తాడోబా పులుల అడవి మా జిల్లాలోనే. నాన్న బొగ్గు గనిలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు, నేను పుట్టి పెరిగింది ఇక్కడే. అంటే ఊరు తెలియని టూరిస్టుని కాను, అయినా మోసపోయాను. తిట్టాలనిపిస్తే తిట్టండి, మా ఆవిడ తిట్టగా ఇంకా ఏమైనా మిగిలుంటే.

మార్చిలో మంచిర్యాల నుంచి అక్కా బావా, పిల్లలిద్దరూ వచ్చారు. అప్పుడే వాట్సాప్‌లో ఒక పోస్టర్ కనబడింది. గోండు రాజుల కోటలు, రాజమహల్ లోపలి దర్శనం, మాణిక్‌గడ్ కొండ మీద సాయంత్రం పక్షులు, జంతువులు, తాడోబా కోర్‌లో, అంటే అడవి లోపలి భాగంలో పొద్దుటి సఫారీ, తెలుగు గైడ్, జిప్సీ (సఫారీ జీపు) మొత్తం మనకే, మనిషికి 5,500. కింద ఎర్రక్షరాలతో "పులి కనిపించకపోతే సగం డబ్బు వాపస్". ఆరుగురికి 33,000 అయింది, అందులో 20,000 ఫోన్‌పే చేశాను. రసీదు అడిగితే ఆ ఏజెంట్ "అన్నా, స్క్రీన్‌షాట్ ఉంది కదా" అన్నాడు. నేనూ సరే అన్నాను చూడండి, అదీ నా తెలివి.

మొదటిరోజు సోమవారం. మా ఊరి కోటకే ముందు తీసుకెళ్లాడు. వార్ధా నది ఒడ్డున, బురుజులతో, ఒకదానికొకటి అడ్డంగా మళ్లిన రెండు గుమ్మాలతో ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది. దానికి ఇచ్చిన టైమ్ పది నిమిషాలు. తెలుగు గైడ్ ఎవరయ్యా అంటే డ్రైవరే. అతనికి వచ్చిన తెలుగు "చలో, ఫోటో తీసుకోండి". ఎవరు కట్టించారని మా మేనల్లుడు అడిగితే శివాజీ మహారాజ్ అన్నాడు! ఖాండక్యా బల్లాళ్ షా అనే గోండు రాజు కట్టించిన కోట అది, మా ఊరి పేరులో ఉన్నది ఆయన పేరే. ఒంటి నిండా పుండ్లతో ఉండే ఆ రాజు ఝర్‌పట్ వాగు నీళ్లతో కడుక్కుంటే నయమైందని, అక్కడే ఒక కుందేలు కుక్కని తరమడం చూసి, అది పరిగెత్తిన దారి వెంబడే చంద్రపూర్ గోడ కట్టించాడని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. చివరికి ఆ కథ పిల్లలకి నేనే చెప్పుకున్నాను, 5,500 కట్టి మరీ.

చంద్రపూర్‌లో జట్‌పురా దర్వాజా దగ్గర బండి దిగనివ్వలేదు, ట్రాఫిక్ అట. ఆ రాయి మీద ఏనుగుని అణిచేస్తున్న సింహం బొమ్మ ఉంటుంది, గోండు రాజుల గుర్తు అది, అక్క కిటికీలోంచి మెడ వంచి చూసింది పాపం. రాణి హీరాయి తన భర్త బీర్ షా కోసం కట్టించిన సమాధిని చూపించి ఎవరో నవాబుదన్నాడు, గుమ్మటం ఉంది కదా అని కాబోలు.

ఇక రాజమహల్. తీసుకెళ్లి జైలు గేటు ముందు దింపాడు. నిజమే, రాజుల మహల్ ఉన్నచోటే జిల్లా జైలు ఉంది, 1858లో, ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ గోండు వీరుడు బాబూరావ్ శెడ్మాకేని వాళ్లు ఉరి తీసింది కూడా ఈ చందా (చంద్రపూర్ పాత పేరు) జైల్లోనే. ఊరికే వెళ్లి చూసొచ్చే చోటు కాదది. గేటు దగ్గర కానిస్టేబుల్ మమ్మల్ని కిందకీ మీదకీ చూసి "ములాఖాత్ ఎవరితో?" అన్నాడు. బావకి మూడు రోజులు అదే పాట.

సాయంత్రం మాణిక్‌గడ్ అన్నాడు కదా. గడ్‌చాందూర్‌లో టీ తాగించి, పైన రోడ్డు బాగోలేదు అని వెనక్కి తిప్పేశాడు. మేం చూసిన వన్యప్రాణులు రెండు కుక్కలు, చూసిన కోట సిమెంట్ ఫ్యాక్టరీ గొట్టం.

అసలు దెబ్బ మంగళవారం. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి కోర్‌లోకి వెళ్లే మొహర్లీ గేటుకి కాకుండా, కోర్ చుట్టూ ఉండే బఫర్ అడవిలోని జునోనా వైపు తీసుకెళ్తుంటే అడిగాను. "అన్నా, మంగళవారం కోర్ బంద్ ఉంటది కదా" అన్నాడు చాలా మామూలుగా. మంగళవారం తాడోబా కోర్ మూసేస్తారని నాకు ముందే తెలుసు, అడ్వాన్సు కట్టేటప్పుడు వారం చూసుకోలేదంతే. ఏజెంట్ తెలిసే ఆ రోజు పెట్టాడు, బఫర్ పర్మిట్ చవక కదా. బఫర్‌లో పులులు ఉండవని కాదు, బాగానే కనిపిస్తాయి కూడా, కానీ కోర్ రేటు తీసుకుని బఫర్‌కి తీసుకెళ్లడం ఏం న్యాయం?

గేటు దగ్గర ఇంకో తమాషా. జిప్సీలో నాగపూర్ నుంచి వచ్చిన జంట ఒకటి అప్పటికే కూర్చుని ఉంది. పర్మిట్ మీద ఆరు పేర్లు, అందులో మావి నాలుగే. మా రెండు సీట్లు వాళ్లకి అమ్మేశాడన్నమాట. జిప్సీకి ఆరుగురే, ఆధార్‌తో పేరు కలవాల్సిందే, గేటు ఆయన ససేమిరా అన్నాడు, ఆయన తప్పేం లేదు. బావ, మా ఆవిడ దిగిపోయి మేం తిరిగొచ్చేదాకా టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు.

లోపల చుక్కల జింకలు, నెమళ్లు, ఒక అడవిదున్నల మంద కనిపించాయి, అవి మాత్రం నిజంగా బాగున్నాయి, దున్న ఒకటి దారికి అడ్డంగా నిలబడి మమ్మల్ని చూస్తూ నెమరు వేసింది. పులి కనిపించలేదు. సగం డబ్బు సంగతేంటంటే, ఇసకలో పంజా గుర్తు చూశారు కదా, అది చూస్తే పులిని చూసినట్టే అన్నాడు. గైడ్ ఫీజు అని విడిగా ఇంకో 3,000 అడిగాడు. జిప్సీతో వచ్చే గైడ్‌లు పక్క ఊళ్ల వాళ్లే, గేటు దగ్గరే కేటాయిస్తారు, వాడి సొంత మనిషెవడూ లేడు.

వెళ్లాలనుకుంటే అటవీ శాఖ వెబ్‌సైట్‌లో మీ పేర్లతో మీరే పర్మిట్ తీసుకోండి. ఏజెంటే తీస్తానంటే మిగతా డబ్బు కట్టేముందు పర్మిట్ కాపీ తెప్పించుకుని గేటు పేరు, తేదీ, ఆరు పేర్లూ చదవండి. కోర్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, పులితో రీల్స్ అని ఎవడైనా ఆశ పెడితే అక్కడే అనుమానించండి. జులై నుంచి సెప్టెంబర్ దాకా కూడా కోర్ మూసే ఉంటుంది.

నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ తర్వాత 6,000 వెనక్కి వేశాడు, మిగతాదానికి "నెక్స్ట్ ట్రిప్‌లో అడ్జస్ట్ చేస్తా అన్నా" అంటున్నాడు. మొన్న అదే పోస్టర్ వేరే పేరుతో మళ్లీ తిరుగుతోంది, అందుకే ఇదంతా రాస్తున్నాను. పులి బొమ్మ అదే, ఎర్రక్షరాలు అవే. రాజమహల్ లోపలి దర్శనం కూడా అలాగే ఉంది.