గని వస్తే మందు మొక్కలకు ఏది మేలు?

విశాఖ మన్యంలోని చింతపల్లి, జెర్రెల కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) గని మాట ఎత్తినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే: "ఆ మందు మొక్కల్ని ఇంకోచోట పెంచుకోవచ్చు కదా?" పెంచుకోవచ్చు. ఏ మొక్కల్ని, ఎవరి కోసం అన్నదగ్గరే పేచీ.

ప్రత్యామ్నాయ వనీకరణ సంగతి ముందు తేల్చేద్దాం. అడవి తీసుకున్న కంపెనీ డబ్బు కడితే అటవీశాఖ వేరేచోట మొక్కలు నాటిస్తుంది. 2016లో దానికో చట్టం కూడా వచ్చింది. టేకో, నీలగిరో వరసగా లేస్తాయి. చెట్ల లెక్క సరిపోతుందేమో గానీ, గూడేల్లో వాడే మందుల్లో చాలావాటికి కావలసింది చెట్ల కింద మొలిచే గుల్మాలు, తీగలు, దుంపలు. వాటిని నాటేదెవరు?

నర్సరీ అంతకంటే చాలా నయం. నేలవేము, తిప్పతీగ పొలంలోనూ వస్తాయి. సర్పగంధిలో మందు ఉండేది వేరులో, దాన్ని తవ్వితే మొక్క పోయినట్టే. మందుల కంపెనీలకు వెళ్లే సరుకు పొలం నుంచి వెళ్తే అడవికి కాస్త ఊపిరాడుతుంది. గనులు లేనిచోట కూడా వ్యాపారుల కోసం మందు వేళ్ల తవ్వకం ఆగలేదు. కొండ పక్షాన మాట్లాడే మేం ఆ సంగతి ఎత్తం.

అయినా నా ఓటు కొండను తవ్వకుండా ఉంచడానికే. కారణం నీరు. తూర్పు కనుమల్లో బాక్సైట్ కొండల నెత్తిన ఉంటుంది. చిల్లులు చిల్లులుగా ఉండే ఆ పొర వానను పీల్చుకుని మెల్లగా వదులుతుంది కాబట్టే వాలుల్లో ఊటగెడ్డలు ఎండల్లోనూ పారతాయి. తేమను నమ్ముకున్న మొక్కలు ఆ గెడ్డల వెంటే ఉంటాయి. గని మ్యాపులో హద్దు లోపలి చెట్లే లెక్కకొస్తాయి. నష్టం మాత్రం హద్దు దాటి గెడ్డ వెంట కిందికి దిగుతుంది. ఈ నీటిని ఏ నర్సరీ తెచ్చివ్వదు.

విత్తనాలు దాచిపెట్టే బ్యాంకులా? ఉండనివ్వండి, బీమాగా.

ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ గని విషయాన్ని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. 12 సభలూ గని వద్దన్నాయి. గెడ్డలూ మందులూ ఎక్కడున్నాయో ఆ కొండ గిరిజనులు డొంగ్రియా కోందులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మన దగ్గర 2015లో జీవో 97తో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ తవ్వకానికి ఇచ్చారు, 2019లో రద్దు చేశారు. ఖనిజం అక్కడే ఉంది, మళ్లీ అడుగుతారు. 2006 అటవీ హక్కుల చట్టం మందు మొక్కల్ని, వేళ్లను, దుంపల్ని గిరిజనులకు హక్కున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లోనే చేర్చింది. కాబట్టి ఈలోగా గ్రామసభలు సామూహిక హక్కుకు దరఖాస్తు పెట్టాలి. అందులో కొండ నెత్తినీ గెడ్డల్నీ హద్దులతో చూపించాలి. గింజ రాలాకే వేరు తవ్వాలన్న కట్టుబాటు కూడా సభే పెట్టుకోవాలి. నర్సరీ ఆ తర్వాత, అమ్మకపు సరుకు కోసం.