ఎర్తు పట్టీ దొరకబట్టిన అంగడి: అనంతపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ పనితనం

అనంతపురంలో తాడిపత్రి బస్టాండు సమీపంలోని ఒక సందులో ఉన్న ఈ అంగడికి బోర్డు ఉన్నది గానీ, ఎండకు వెలిసిపోయి అందులో ‘ఎలక్ట్రికల్ వర్క్స్’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ మిగలలేదు. లారీల వాళ్లు దానిని ‘డైనమో అంగడి’ అంటారు. గత ఏప్రిల్‌లో మా కారును అక్కడికి తీసుకువెళ్లాను. చేసిన పని రెండు నెలల పాటు నిలిచిందని చూసుకున్న తరువాతనే ఇది రాస్తున్నాను.

మాది పదకొండేళ్ల పాత పెట్రోలు కారు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకునేది. పది పదిహేను కిలోమీటర్లు నడిచి ఇంజను కాగి ఉన్నప్పుడు ఆపితే మాత్రం, మళ్లీ తాళం తిప్పగానే బానెట్ లోపల ‘టక్’మని ఒక్క చప్పుడు వినిపించి ఊరుకునేది. అరగంట ఆగితే ఏమీ జరగనట్లు స్టార్టయ్యేది. పెళ్లి చీరల కోసం ధర్మవరం వెళ్లినప్పుడు, అంగడి ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో నలుగురి చేత తోయించుకొని బయలుదేరవలసి వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఊళ్లోనే మరొక చోట చూపిస్తే, వారు బానెట్ ఎత్తీ ఎత్తకముందే బ్యాటరీ పోయిందని తేల్చి 4,800 రూపాయలకు కొత్తది బిగించారు. కొన్ని నెలలు బాగానే నడిచి మళ్లీ అదే జబ్బు మొదలవడంతో తిరిగి వెళ్తే, ఈసారి ఇంజనును తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు మార్చాలన్నారు. రెండుసార్లూ కరెంటు కొలిచే మీటరు బయటికి తీసిన వారు లేరు.

ఈ అంగడి యజమాని, అరవైకి దగ్గర పడిన మనిషి, కారును ముట్టుకోక ముందే ప్రశ్నలు వేశారు. చప్పుడు ఒక్కసారి ‘టక్’మంటుందా, లేక ‘టకటకటక’ అని వరుసగా వస్తుందా? ఆ సమయంలో హెడ్‌లైట్లు మసకబారుతాయా, అలాగే వెలుగుతాయా? వరుస చప్పుడుతో పాటు లైట్లు కూడా మసకబారితే బ్యాటరీలో సత్తువ లేదని మొదట అనుమానించాలట. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ ఒక్క చప్పుడే వస్తే, కరెంటు ఉన్నా అది సెల్ఫ్ మోటారుకు చేరడం లేదని గానీ, మోటారే పట్టుకుపోయిందని గానీ అనుకోవాలట. మా కారు రెండో రకం. అప్పటికి ఇంజను చల్లగా ఉండటంతో, జబ్బు బయటపడితే తప్ప మందు వేయనని చెప్పి, రుద్రంపేట బైపాసు దాకా ఒకసారి వెళ్లి రమ్మన్నారు. ఆ ఒక్క మాటతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

తిరిగి వచ్చి ఇంజను ఆపగానే మల్టీమీటరు తెచ్చారు. బ్యాటరీ మీద 12.5 వోల్టులు చూపింది. నిండుగా చార్జైన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 దాకా చూపుతుంది కనుక అక్కడ పేచీ లేదు. నన్ను తాళం తిప్పమన్నారు. ‘టక్’మన్న ఆ క్షణంలో బ్యాటరీ 10.9 దగ్గర నిలిచింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి జారితేనే బ్యాటరీని అనుమానించాలని చెప్పి, మీటరు నల్ల కొసను బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద, ఎర్ర కొసను ఇంజను మీద రంగు లేని చోట ఆనించి మళ్లీ తిప్పమన్నారు. మీటరులో 3.9 వోల్టులు కనిపించాయి. ఆ రెండు చోట్ల మధ్య అర వోల్టు కూడా ఉండకూడదు. అంటే 10.9లో దాదాపు నాలుగు వోల్టులు, కరెంటు ఇంజను నుంచి బ్యాటరీకి తిరిగి వచ్చే దారిలోనే హరించుకుపోయి, పాజిటివ్ వైరులో పోయే కొద్దిపాటిని కూడా తీసివేస్తే, సెల్ఫ్ మోటారుకు ఆరున్నర వోల్టులకు మించి అందడం లేదన్నమాట. “బ్యాటరీ ఏం చేస్తాది సార్, కరంటు తిరిగొచ్చేదానికి దావ లేకపాయె,” అన్నారాయన.

ఈ కొలతను తాళం తిప్పుతున్నప్పుడే తీయాలన్నది నాకు కొత్త సంగతి. కరెంటు పారనప్పుడు ఎంత చెడిన వైరయినా మీటరులో సున్నాయే చూపుతుంది. వైరు తెగిందా లేదా చూసేందుకు మీటరులో ఉండే బజరు మోగితే వైరు బాగున్నట్లే అనుకుంటాం గానీ, పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా బజరు మోగుతుంది. సెల్ఫ్ మోటారు లాగే నూట యాభై, రెండు వందల ఆంపియర్లను ఆ ఒక్క పోగు మోయలేదు. నిర్ధారణ కోసం ఆయన ఒక జంపర్ కేబులును నెగెటివ్ కొమ్ము నుంచి నేరుగా ఇంజనుకు తగిలించి తాళం తిప్పమన్నారు. కాగి ఉన్న ఇంజను అరక్షణంలో అందుకుంది. ఇక విప్పి చూడటమే మిగిలింది: గేరుబాక్సు నుంచి బాడీకి వెళ్లే అల్లిక ఎర్తు పట్టీ, అంటే కరెంటు తిరిగి వచ్చే దారిలోని తీగల పట్టీ, సగం పోగులు తెగి ఉన్నది, బోల్టు కింద ఆకుపచ్చ చిలుము పేరుకుపోయి ఉన్నది. పాత కార్లలో ఈ పట్టీ తెగితే కరెంటు యాక్సిలరేటర్ కేబులు గుండా దారి వెతుక్కొని దానిని కాల్చేసేదని ఆయన మాటల మధ్య చెప్పారు.

కొత్త పట్టీ వేసి, బాడీ మీద రంగును ఇనుము మెరిసేదాకా గీకి, బోల్టు బిగించిన తరువాత పైన వాజలీను పూశారు. మళ్లీ కొలిస్తే 3.9 కాస్తా 0.2కు దిగింది. అంతటితో ఆపకుండా, ఇంజను నడుస్తుండగా చార్జింగు కూడా చూపించారు: పని మొదలుపెట్టక ముందు 13.4 ఉన్నది ఇప్పుడు 14.2 అయింది. బ్యాటరీని చార్జు చేసే ఆల్టర్నేటరు కూర్చున్నది ఇంజను మీదనే కనుక దాని కరెంటు కూడా అదే చెడిన దారిన నడవవలసి వచ్చి, బ్యాటరీ ఏనాడూ నిండుగా చార్జు కాలేదు. పాత బ్యాటరీని చెడగొట్టింది కూడా ఈ పట్టీయే అయి ఉంటుంది. పైగా వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊరి వేడికి బ్యాటరీలు ఎలాగూ తొందరగా అరుగుతాయి.

నేను వేచి ఉండగా మరొక బండిని చూశాను: నాలుగు రోజులు నిలిపితే బ్యాటరీ పడిపోతుందట. తలుపులు మూసి, కారులోని ఎలక్ట్రానిక్ భాగాలు నిద్రలోకి జారేదాకా అరగంట ఆగి, మీటరును బ్యాటరీకీ దాని వైరుకూ మధ్య వరుసలో కలిపితే 420 మిల్లీ ఆంపియర్లు చూపింది. 50 లోపు ఉండాలి. ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ పోతే, బయట బిగించిన మ్యూజిక్ సెట్టు ఫ్యూజు దగ్గర అది 30కి పడిపోయింది.

నాకైన ఖర్చు పట్టీకి 350, కూలికి 500, వెరసి 850 రూపాయలు. అంతకు ముందు బ్యాటరీకి పెట్టిన డబ్బును తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

లోపాలు లేవని కాదు. కూర్చోవడానికి నీడ లేదు, ఉన్న ఒక్క బల్ల మీద ఆల్టర్నేటర్లు కూర్చొని ఉంటాయి. పదిన్నర దాటితే లారీల మధ్య కారుకు చోటు దొరకదు. నా వంతు రావడానికి రెండు గంటలు పట్టింది. అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు, ఇచ్చినా అది పుస్తకంలోంచి చింపిన కాగితం ముక్క. అన్నిటికీ మించి, ఆయన దగ్గర కంప్యూటర్ స్కానరు లేదు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోని కొత్త కార్లను, డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు మిణుకుమంటున్న వాటిని తన పని కాదని చెప్పి కంపెనీ సర్వీసుకే పంపిస్తారు. చేతకానిది చేతకాదని చెప్పడాన్ని నేను తప్పుపట్టను గానీ, అలాంటి కారున్న వారు అంత దూరం తోయించుకొని రావడం అనవసరం.

వెళ్లదలచుకున్నవారు ఉదయం తొమ్మిదింటికి, అంగడి తెరిచే వేళకే వెళ్లడం మంచిది. మీ కారుది కూడా కాగినప్పుడు వచ్చే జబ్బయితే, ముందుగా కొంత దూరం తిప్పి, అంగడి ముందు ఇంజను ఆపకుండా నిలిపి ఆయనను పిలవండి. ఆపేది ఆయన చేత్తోనే ఆపనివ్వండి.