బావి వర తొట్టి, వెల్డ్ మెష్ గూడు: నాలుగేళ్లు వాడాక

మాది విశాఖలో అడవివరం. పెరట్లో నిలబడితే సింహాచలం కొండ కనిపిస్తుంది. ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు ఏడు, గూస్ బాతులు రెండు ఉన్నాయి. బాతులు మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఇప్పుడు వాడుతున్న తొట్టికి, గూటికి నాలుగేళ్లు.

మొదట్లో పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొన్నాం. రెండో వేసవికే ఎండకి పెళుసెక్కి అంచు పగిలింది. పైగా రోజూ ఆ నీళ్లు ఒంపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. తర్వాత మేస్త్రీ చెప్పాడని బావికి దింపే సిమెంటు వర ఒకటి తెచ్చి, అడుగున కాంక్రీటు వేయించాం. మూడడుగుల వెడల్పు, అడుగు లోతు. అడుగునే రెండంగుళాల పీవీసీ పైపు పెట్టించి, బయట మూత బిగించాం. మూత తీస్తే నీళ్లన్నీ అరటి పాదుల్లోకి పోతాయి. పైపు అంగుళానికి తగ్గించకండి, ఈకలూ బురదా చేరి పూడుకుపోతుంది. లోపలా బయటా మెట్లలా ఇటుకలు పేర్చాలి. బరువైన గూస్ బాతులు అంచు మీద నుంచి దూకితే కాళ్లు దెబ్బతింటాయి.

పొద్దున్న కుళాయి వచ్చినప్పుడు నింపుతాను. మధ్యాహ్నానికల్లా కాఫీ రంగుకి వస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు. ఈదడానికి చెరువు లేకపోయినా బాతు బతుకుతుంది కానీ, ముక్కు రంధ్రాలూ కళ్లూ మునిగేంత లోతు మాత్రం ఉండి తీరాలి. మేం తెలియక కోళ్లకి నీళ్లు పెట్టే లోతులేని డ్రింకర్ పెట్టాం. ఒక బాతుకి కంట్లో నురగ కట్టి రెప్ప అంటుకుపోయింది. బకెట్ పెట్టి తల ముంచుకోనిచ్చాక తగ్గింది. నీళ్లు రోజూ మార్చడం దోమల కోసం కూడా. మనూళ్లో డెంగీ టెన్షన్ ఉన్నదే కదా. ఇంక్యుబేటర్ పిల్లల్ని మాత్రం మొదటి నెల ఇందులో దింపొద్దు. తల్లి దగ్గర లేని పిల్లల నూగుకి నూనె అంటదు, తడిసిపోయి మునిగిపోతాయి.

ఇక రాత్రి సంగతి. మా మొదటి గూటికి పల్చటి కోళ్ల జాలీ కొట్టించాం. ఒక వాన రాత్రి గూస్ బాతులు ఒకటే అరుపు. ఉరుములకి అనుకుని పడుకుండిపోయాం. తెల్లారి చూస్తే జాలీ మూల చెయ్యి దూరేంత చిరిగి ఉంది. తెగిన తీగ కొసలకి గోధుమరంగు ఈకలు అంటుకుని ఉన్నాయి. రెండు బాతులు లేవు. మిగిలినవి గోడవార ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుని, తలుపు తీసినా కదల్లేదు. అడవిపిల్లో, మానుపిల్లో, వీధి కుక్కో, ఏదైనా సరే ఆ జాలీని చింపగలదు.

అందుకే డబ్బులుంటే గూటి మీదే పెట్టండి. ఇప్పటిది ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. కింద కాంక్రీటు, రెండడుగుల ఇటుక గోడ, ఆ పైన అరంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే తీగలు వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలీ. పందికొక్కు తవ్వలేదు, పిల్లి పంజా లోపలికి దూరదు. తలుపుకి గడియ కాకుండా వేరే కొక్కెం కూడా ఉంది. గాలి మాత్రం ఆడాలి. బాతుల రెట్ట నీళ్లగా ఉంటుంది, గూడు మూసేస్తే ఆ ఘాటు మన కళ్లకే మండుతుంది. కింద ఊక పరిచి తడిసిన చోట రోజూ తీసేస్తాం.

దీని లోపం తుప్పు. మన సముద్రపు గాలికి ఇనుము ఎన్నాళ్లు ఆగుతుందో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో ఏడాదికే అతుకుల దగ్గర ఎర్రబడింది. ఏటా వానల ముందు రెడ్ ఆక్సైడ్ వేస్తున్నా, నిరుడు ఒక పక్క మెష్ మార్చాల్సి వచ్చింది. మళ్లీ కట్టిస్తే ప్లాస్టిక్ పూత ఉన్న మెష్ తీసుకుంటాను.

రాత్రి గూట్లో మేత ఉంచితే నీళ్లూ ఉంచాలి, పొడి మేత బాతుకి గొంతులో అడ్డుపడుతుంది. మేం మేత తీసేస్తాం, నీళ్లు మాత్రం ఉంచుతాం, ఇక్కడి ఉక్క అలాంటిది. 20 లీటర్ల మంచినీళ్ల డబ్బాకి పక్కన తల పట్టేంత కన్నాలు కోసి, అంచులు నున్నగా చేసి, సగం దాకా నింపి పెడతాం. కన్నంలోంచి తల ముంచుకోగలవు, లోపలికి దిగలేవు. దాని కింద మెష్ పలక, పలక కింద బేసిన్ ఉంటే ఊక తడవదు.

బాతులు కోళ్లలా చీకటి పడగానే వాటంతటవే గూటికి చేరవు. మా అత్తయ్య రోజూ సంధ్య వేళకి తవుడూ నూకలూ కలిపిన పళ్లెం గూట్లో పెట్టి మోగించేది. నెలకి అలవాటయ్యాయి. అవి తినేశాక పళ్లెం బయటికి. ఒక జీరో బల్బు వెలుగుతుంటే చీకట్లో బెదిరి తొక్కుకోవు. పొద్దున్న ఎనిమిది దాటాక వదలండి, గుడ్లు అప్పటికే గూట్లో పెట్టేస్తాయి. ముందే వదిలితే గుడ్లు తొట్టి అడుగున వెతుక్కోవాలి.

ఇప్పటికీ రాత్రి గూస్ బాతులు అరిస్తే టార్చి పట్టుకుని లేస్తాను. పోయిన వారం రెండింటికి లేచాను. గూటి ముందు తడి మట్టిలో పిల్లి అడుగులున్నాయి. కొక్కెం వేసినట్టే ఉంది. లోపల లెక్కపెట్టాను, తొమ్మిదీ ఉన్నాయి.